షెడ్డులో కారు, కూలరు, మిరప పరదాలు, స్ప్రేయర్లు: ఏది ఎక్కడ పెట్టాలి?

పేట మాస్టారు · జూన్ 29

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రొంపిచర్ల వైపు సొంత ఊళ్లో మూడెకరాల మిరప ఉంది. ఊళ్లో మా పాత మట్టిమిద్దె నాలుగేళ్ల కిందటి వానలకు కూలిపోయింది. చేలో వదిలేసి వద్దామంటే తెల్లారేసరికి మోటారు కేబులుకే దిక్కు లేదు, ఇక స్ప్రేయర్లను ఎవరు మిగులుస్తారు? అందుకని వ్యవసాయపు సామానంతా పేటలో ఇంటికే చేరింది. ఇంట్లో దానికి చోటంటే కారు షెడ్డు ఒక్కటే.

కొలతలు టేపు పెట్టి చూసే రాస్తున్నాను. వెడల్పు 9 అడుగులు, లోతు 16, ఎత్తు 10. మూడు వైపులా ఇటుక గోడ, ముందు రోలింగ్ షట్టరు, పైన ఇనుప గొట్టాల మీద రేకులు. ఎడమ మూల గోడకు ఇన్వర్టరు, దాని కింద బ్యాటరీ. లోపల ఉండాల్సినవి: ఆల్టో కారు, రెండున్నర అడుగుల చదరం రేకు కూలరు (స్టాండుతో నాలుగున్నర అడుగుల ఎత్తు), కళ్లంలో కాయ ఆరబోసే 24×18 అడుగుల పరదాలు పది, ఖాళీ గోతాల కట్ట, పెట్రోలుతో నడిచే తైవాన్ స్ప్రేయరు ఒకటి, 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు ఒకటి. ఇదివరకు స్ప్రేయరు ఒక్కటే ఉండేది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలన్నీ ముడుచుకుపోయినప్పుడు ఒకటి చాలక రెండోది కొన్నాను.

ఈ ప్రశ్న వేయడానికి అసలు కారణం మొన్న మార్చిలో జరిగిన సంగతి. నిరుడు జులైలో కూలరు షెడ్డుకు చేర్చాక, నేల మీద ఉంటే ఎలుకలు కొరుకుతున్నాయని పరదాల మడతలు తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టాను. ఫిబ్రవరిలో మళ్లీ కళ్లానికి తీసుకెళ్లేదాకా అవి అక్కడే ఉన్నాయి. మార్చి రెండో వారంలో ఎండ ముదరగానే కూలరు బయటికి లాగి, పైపైన తడిగుడ్డతో తుడిచి, అమ్మ గది కిటికీకి ఆనించి, నీళ్లు పోసి స్విచ్చి వేశాను.

రెండు నిమిషాలు హాయిగానే ఉంది. మూడో నిమిషంలో అమ్మ తుమ్మింది. ఆ వెనక నేను. అమ్మ మంచం దిగి వసారాలోకి వెళ్లేసరికి వంటింట్లో మా ఆవిడ కూడా దగ్గడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో ఇంటిల్లిపాదీ వీధి అరుగు మీద ఉన్నాం, కళ్లలో నీళ్లు కారుతూ. ఎదురింటివాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. అమ్మ మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఎవరైనా దిష్టి తీశారా? ఇంత ఘాటు వచ్చిందంటే ఈ ఇంటికి దిష్టే లేదురా" అని తేల్చేసింది.

కూలరు విప్పి చూస్తే గడ్డి ప్యాడ్లలో ఎర్రటి పొడి, నాలుగైదు మిరప గింజలు, ఒక తొడిమ. ఫ్యాను రెక్కల వెనక వైపు వేలితో గీస్తే వేలు ఎర్రబడింది. అదే వేలితో కన్ను నలుపుకున్నాను. ఆ రోజు బడికి సెలవు.

ఇప్పుడు కూలరు మళ్లీ షెడ్డుకు వెళ్లే రోజులు వచ్చాయి. ఏది ఎక్కడ పెడితే ఈ గోల ఉండదు? పైన రేకుల గొట్టాలకు తాళ్లు కట్టి పరదాలు వేలాడదీయవచ్చా? పెట్రోలు స్ప్రేయరు ఇన్వర్టరున్న షెడ్డులో ఉండడం మంచిదేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. "పాత సామాను అమ్మేయండి" అనే సలహా మా ఆవిడ ఇదివరకే ఇచ్చింది.


కళ్లం కబుర్లు · జూన్ 29

మాస్టారూ, నవ్వినందుకు ఏమీ అనుకోకండి. మాది సత్తెనపల్లి దగ్గర. మిరప పండించే ఏ ఇంట్లోనైనా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. మా ఇంట్లో పరదా మీద పక్క వేసుకుని పడుకున్న మా బావ కథ ఉంది, అది ఇక్కడ రాయలేను.

ముందు పరదాల సంగతి. మీరు కడిగే ఉంటారు, కానీ ఉత్త నీళ్లతో కడిగి ఉంటారు. మిరప ఘాటు నీళ్లకు కరగదు. నూనెకు, సబ్బుకు లొంగుతుంది. కళ్లంలోనే గాలివాటు చూసి ఇద్దరు చెరో కొస పట్టుకుని దులపాలి, ఆ తర్వాత బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లు చల్లి కొబ్బరి చీపురుతో రుద్దాలి, చివర మంచినీళ్లు. కుట్టు వేసిన అంచులోను, తాడు రంధ్రాల చుట్టూ ఉన్న మడతలోను గింజలు దాక్కుంటాయి. అక్కడ బ్రష్షు పెట్టాలి. రెండు వైపులా ఎండాలి. తడి ఉండగా చుడితే ముక్కవాసనతో పాటు బూజు కూడా వస్తుంది.

మడత పెట్టకండి. ఏటా ఒకే గీత మీద మడిస్తే మూడో ఏడు ఆ గీత వెంబడే చిరుగుతుంది. వెదురు బొంగుకో పాత పీవీసీ గొట్టానికో చాపలా చుట్టండి. రెండేసి పరదాలు కలిపి చుడితే మీకు ఐదు చుట్టలు అవుతాయి. పాత చీర ముక్కతో కట్టేస్తే దుమ్ము రాలదు, ఎలుక లోపల గూడు పెట్టడానికి సందూ దొరకదు.

ఇక మీరు అడగని సంగతి ఒకటి. మిరప ఘాటు మంచిది మాస్టారూ, తుమ్మించి చెబుతుంది. ఆ స్ప్రేయర్లు కూడా అదే షెడ్డులో కూలరు పక్కనే ఉంటాయి కదా? పురుగుమందు అలా చెప్పదు. కూలరు గడ్డి ఏ వాసననైనా పీల్చుకుంటుంది, దాని పని గాలిని ఆ గడ్డిలోంచి లాగి పెద్దావిడ ముఖాన కొట్టడమే. పాత గడ్డి పారేశారా లేదా? ముందు అది చెప్పండి.


పేట మాస్టారు · జూన్ 29

గడ్డి ఆ రోజే పారేశాను, బాడీ సబ్బునీళ్లతో కడిగించాను. కానీ మీరన్నది చదివాక షెడ్డులోకి వెళ్లి చూశాను. బ్యాటరీ స్ప్రేయరు లాన్సు (మందు చిమ్మే గొట్టం) కూలరు పెట్టే చోటే గోడకు ఆనుకుని ఉంది. నాజిల్ చివర తెల్లగా ఎండిపోయిన మందు చుక్క. ఇన్నాళ్లూ నా కంటికి అది కనిపించనే లేదు.

మందు సీసాలు మాత్రం ఇంట్లో లేవు. ఊళ్లో మా చిన్నాన్న కొట్టాంలో తాళం వేసిన ఇనప్పెట్టెలో ఉంటాయి.


ఇనుప పని · జూన్ 30

చిలకలూరిపేటలో వెల్డింగ్ షాపు నాది. రేకుల గొట్టాలకు ఏమీ కట్టవద్దు. ఆ గొట్టాలు వేసినవాడు రేకుల బరువు, గాలి తోపు లెక్క చూసుకుని వేశాడు, అంతే. పది పరదాలంటే తక్కువ బరువేమీ కాదు. గొట్టం కొంచెం కిందికి వంగినా రేకు జాయింటు తెరుచుకుంటుంది, ఆ వాన నీళ్లు నేరుగా మీ ఇన్వర్టరు మీద పడతాయి. అలా కట్టి, తర్వాత నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు.

గోడకు కడప బండ దించుదామని ఎవరైనా చెబుతారు, మన వైపు అలవాటే. ఒక అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైనే ఉంటుంది. తొమ్మిది అడుగుల గోడకు రెండడుగుల బండ అంటే ఒక్క బండే 110 కిలోలు. షెడ్డు గోడలు నాలుగున్నర అంగుళాలవైతే దాన్ని మోయవు. మీది ఎంత మందమో రాయలేదు.

నేనైతే ఇలా చేస్తాను. ఆల్టో పొడవు పదకొండున్నర అడుగుల పైచిలుకు. కారు ముందుకు తోలి, షట్టరు దగ్గర అరడుగు వదిలితే బానెట్టు ముందు సుమారు నాలుగు అడుగులు మిగులుతుంది. ఆ వెనక గోడ బారునా స్లాటెడ్ యాంగిల్‌తో అటక కట్టండి. మందుల షాపుల్లో రాకులు చూస్తారు కదా, చిల్లులున్న ఇనుప పట్టీలు, అవే. ఆరు కాళ్లు, ఆరున్నర అడుగుల ఎత్తున ఒక అంతస్తు, మూడడుగుల ఎత్తున ఇంకొకటి. బరువంతా నేల మీదికే దిగుతుంది, గోడకు పడిపోకుండా రెండు క్లాంపులు చాలు. వెల్డింగే అక్కర్లేదు, బోల్టులు బిగించడమే. నా గిరాకీ నేనే పోగొట్టుకుంటున్నాను. మూలల్లో అడ్డంగా పట్టీలు తప్పకుండా వేయించండి, లేకపోతే ఊగుతుంది.

పై అంతస్తు మీద చుట్టలు, గోతాలు. రేకుల కింద వేడి ఎక్కువ కాబట్టి బ్యాటరీలు, పెట్రోలు ఉన్నవేవీ పైకి ఎక్కించకూడదు. కారును ఎడమ గోడకు తొమ్మిది అంగుళాల దూరంలో ఆపితే మీ వైపు తలుపు తెరుచుకోవడానికి మూడడుగులకు పైగా ఉంటుంది. పక్కన కూర్చునేవాళ్లు బయటే దిగాలి.


మంచు ఊరు · జూన్ 30

తెనాలి నుంచి వచ్చి పన్నెండేళ్లుగా మిన్నెసోటాలో ఉంటున్నాను. మాకు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు తోసే యంత్రం, మిగతా నెలల్లో గడ్డి కోసే యంత్రం. రెండూ పెట్రోలువే, షెడ్డు ఒకటే. మీ తైవాన్ స్ప్రేయరు బాధ నాకు బాగా తెలుసు.

మొదటి ఏడాది ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేశాను. నవంబరులో తొలి మంచు పడిన ఉదయం తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది. కార్బురేటరు విప్పితే లోపల బెల్లం పాకంలా జిగురు. ఇక్కడ పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుపుతారు. మన దేశంలో ఇప్పుడు ఇరవై శాతం. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే నీరు అడుగున చేరుతుంది. అందుకని ఆఖరి మందు కొట్టిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. అప్పుడు కార్బురేటరులో కూడా ఏమీ మిగలదు. మిగిలిన పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ ఉంటుంది కాబట్టి కారులో పోయకండి. ఇలా ఖాళీ చేసిన ఇంజను షెడ్డులో ఉంటే భయం లేదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. మూసిన షట్టరు లోపల ఇన్వర్టరులో చిన్న నిప్పురవ్వ చాలు. డబ్బాలో పెట్రోలు మాత్రం అక్కడ అసలు వద్దు.

బ్యాటరీ స్ప్రేయరుకు దీనికి తలకిందుల సూత్రం. నిండా చార్జి చేసి పెట్టాలి, నెలకోసారి మళ్లీ చార్జి చేయాలి. ఖాళీగా పడుకున్న లెడ్ బ్యాటరీ మళ్లీ లేవదు.

ఇంకొకటి. కారు ఎక్కడ ఆపాలో తెలియడానికి ఇక్కడ చాలామంది పైనుంచి దారంతో ఒక బంతి వేలాడదీస్తారు. ముందు అద్దానికి బంతి తగిలిందంటే ఆపేయాలి. మీ అటక కాళ్లకు బానెట్టు గుద్దకుండా ఉంటుంది.


మూడో అంతస్తు · జులై 1

నేను గుంటూరులో అపార్టుమెంటులో ఉంటాను. షెడ్డు లేదు, మిరప లేదు. అయినా ఒక మాట.

మాస్టారు లెక్కలు చెబుతారు కానీ నెలల లెక్క వేయలేదు. స్ప్రేయర్లు సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేలో పనిలో ఉంటాయి. పరదాలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా కళ్లంలో. కూలరు మార్చి నుంచి జూన్ దాకా గదిలో. అన్నీ ఒక్కసారే షెడ్డులో ఇరుక్కునేది ఆషాఢ శ్రావణాల్లోనే, అదీ వాన తేమ ముసిరే రోజుల్లో. మీ షెడ్డు ఏడాది పొడుగునా చిన్నది కాదు, రెండు నెలలే చిన్నది. ఆ రెండు నెలలకు ఒక్క వస్తువును బయటికి పంపితే చాలు.

ఆ వస్తువు కూలరు. మీరంతా దాన్ని షెడ్డులో ఏ మూల పెట్టాలని చూస్తున్నారు. అది అసలు షెడ్డుకు ఎందుకు వెళ్లాలి? మనం పీల్చే గాలి దానిలోంచే వస్తుంది. మా ఇంట్లో కూలరు గది మూలనే ఉంటుంది, పైన పీట వేసి ఇస్త్రీ బట్టలు పెడతాను. వంటగిన్నెలను చెప్పుల స్టాండులో పెట్టరు కదండీ.

దాచే ముందు పని కూడా ఉంది. పల్నాడు నీళ్లలో సున్నం ఎక్కువ, మీ ట్యాంకు అడుగున తెల్లటి పెచ్చు కట్టే ఉంటుంది. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు ఉంచితే మెత్తబడుతుంది, గరిటె పెట్టి గీరి రేకు పాడుచేయకండి. పంపు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఎండలో ఒక పూట పెట్టి కవరులో కట్టండి. గడ్డి ఏటా కొత్తది వేయండి, దాచుకోవద్దు. ట్యాంకు లోపల తుప్పు కనిపిస్తే బాగా ఆరాక నల్ల తారు పెయింటు వేయించండి. పైన ప్లాస్టిక్ కవరు బిగిస్తే లోపల చెమట పట్టి తుప్పు ఇంకా పెరుగుతుంది. పాత నూలు దుప్పటి కప్పండి.


కళ్లం కబుర్లు · జులై 1

అమ్మా, మీకు మిరప లేదన్నారు కానీ మాకంటే మీకే బాగా తెలుసు. మాస్టారూ, ఈవిడ మాట వినండి. స్ప్రేయర్లు మూడుసార్లు మంచినీళ్లు పోసి, ప్రతిసారీ నాజిల్ గుండా బయటికి కొట్టించి, చేలోనే కడిగి తీసుకురండి. ఇంటి ముందు కాలువలో ఆ నీళ్లు పోయవద్దు. ట్యాంకు మూత తీసి బోర్లించి పెడితే లోపల వాసన నిలవదు.


పేట మాస్టారు · ఆగస్టు 17

ఆలస్యంగా వస్తున్నందుకు క్షమించండి. నారు నాటే పని, బడిలో పరీక్షలు ఒక్కసారే వచ్చి పడ్డాయి. ఏం చేశానో చెబుతాను.

గోడ కొలిచాను, నాలుగున్నర అంగుళాలే. కడప బండ మాట అక్కడితో వదిలేశాను. ఇనుప పని గారు చెప్పినట్టే స్లాటెడ్ యాంగిల్ తెచ్చి, మా పదో తరగతి పిల్లల్లో ఇద్దరి చేత బోల్టులు బిగించాను (మూలల్లో పట్టీలు వేసే ముందు అటకను ఊపి చూపించాను, త్రిభుజం ఎందుకు కదలదో ఆ రోజు వాళ్లకు బోర్డు లేకుండానే అర్థమైంది). పలకలతో కలిపి ఆరు వేల చిల్లర అయింది. పరదాలు మూడు ఆదివారాలు పట్టాయి. సబ్బు నీళ్లు పోసి రుద్దితే పారిన నీళ్లు తాంబూలం ఉమ్మిలా ఎర్రగా ఉన్నాయి, అదీ నేను ఇదివరకే కడిగానని అనుకున్నవి. ఇప్పుడు ఐదు చుట్టలు, మా ఆవిడ పాత వాయిలు చీరల్లో, పైన పడుకున్నాయి. గోతాలు వాటి పక్కన.

స్ప్రేయర్లు కింద అంతస్తులో కుడి చివర, ఇన్వర్టరుకు వీలైనంత దూరంగా బోర్లించి ఉన్నాయి. తైవాన్ స్ప్రేయరు ట్యాంకులో ఫిబ్రవరి పెట్రోలు అలాగే ఉంది. పారబోస్తే అడుగున నీటి బుడగ వేరుగా కదులుతూ కనిపించింది. కార్బురేటరు మెకానిక్ దగ్గర విప్పించాల్సి వచ్చింది. మిన్నెసోటా తమ్ముడు జూన్‌లో చెప్పింది నాకు ఫిబ్రవరిలో తెలిసి ఉండాల్సింది.

కూలరు విషయంలో ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. అమ్మ గదిలో ఆవిడ ట్రంకు పెట్టె ఉంది, అది కదలదు. చివరికి మేడ మెట్ల కింద, చెప్పులు ఉండే చోట టేపు పెట్టి చూస్తే ఎత్తు సరిగ్గా నాలుగు అడుగుల పది అంగుళాలు. కూలరు స్టాండుతో సహా దూరింది. చెప్పులు వసారాలోకి వెళ్లాయి. మూడో అంతస్తు గారి గిన్నెల మాట మా ఆవిడకు చదివి వినిపించాక ఇక ఎవరూ అడ్డు చెప్పలేదు. నిమ్మ ఉప్పుకు ట్యాంకు అడుగు పెచ్చు అరచేతి మందాన ఊడి వచ్చింది.

బంతి కోసం బజారుకు వెళ్దామనుకుంటున్నాను. ఈలోగా అమ్మ శనివారం నాడు నిమ్మకాయ, ఏడు పచ్చి మిరపకాయలు దారానికి గుచ్చి షట్టరుకు కట్టమని ఇచ్చింది. దాన్ని తీసుకెళ్లి పై గొట్టానికి కట్టాను, అంత బరువు మోస్తుందని ఇనుప పని గారు ఒప్పుకుంటారనుకుంటాను. రోజూ సాయంత్రం ముందు అద్దానికి నిమ్మకాయ తగలగానే బ్రేకు వేస్తున్నాను. వారం వారం మార్చాలి, అంతే.

కూలరు ఎలా ఉందో మార్చిలో వచ్చి చెబుతాను. అమ్మకు మాత్రం ఇప్పుడే ఒక అనుమానం పట్టుకుంది. ఈసారి కూలరు వేసినప్పుడు ఘాటు రాకపోతే ఇంటికి దిష్టి తగిలినట్టేనా అని అడుగుతోంది.